పెపె కప్ప కథ సగమే చెప్పారు

ఇంటర్నెట్‌లో తిరిగే కార్టూన్ బొమ్మ పెపె కప్పను 'ద్వేషపు బొమ్మ' అని ఒక్క మాటలో తేల్చేసింది ఒక వ్యాసం. చదివి బాధేసింది. 2005లో అమెరికన్ చిత్రకారుడు మ్యాట్ ఫ్యూరీ గీసిన కామిక్‌లో అదొక అమాయకపు కప్ప. ప్యాంటు మొత్తం కిందికి దించేసి మూత్రం పోస్తుంది. ఎందుకలా అని అడిగితే 'హాయిగా ఉంటుంది' అంటుంది, అంతే! 2008 ప్రాంతంలో ఆ ముఖం ఫోర్‌చాన్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికకి చేరింది. అక్కడ పేర్లుండవు, పాత పోస్టులు చెరిగిపోతాయి. ఎవరో దాచుకుని మళ్లీ మళ్లీ పెట్టిన బొమ్మే బతుకుతుంది. ఏడుపు కప్ప, కోపం కప్ప అలా పుట్టాయి. నాజీ గుర్తులు తగిలించింది తర్వాత వచ్చిన కొందరు. 2016లో దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చిన, యూదు ద్వేషాన్ని ఎదిరించే అమెరికా సంస్థ యాంటీ డిఫమేషన్ లీగే, ఎక్కువమంది వాడకం అలాంటిది కాదని చెప్పింది. 2019లో హాంకాంగ్ కుర్రకారు అదే కప్పను నిరసన గోడల మీద అంటించారు. అదీ రాయాల్సింది.