వర్చువల్ మెషీన్ ఉంటే వైరస్ భయం లేదన్నది నిజం కాదు

వర్చువల్ మెషీన్ అంటే మన కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే మరో కంప్యూటర్. దాని గురించి బెంగళూరులోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. "వర్చువల్ మెషీన్ పెట్టుకోండి. అందులో ఏ ఫైలు తెరిచినా అసలు కంప్యూటర్‌కు ఏమీ కాదు. యాంటీవైరస్ దండగ, అప్‌డేట్లు అనవసరం. వైరస్ పడితే పాత స్నాప్‌షాట్‌కు (ముందే దాచుకున్న స్థితికి) వెళ్తే సరి" అని దాని సారాంశం. దీన్ని నమ్మి నష్టపోయిన కుర్రాణ్ని చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

"ఏ ఫైలు తెరిచినా ఏమీ కాదు" అన్నది అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట. మారతహళ్లిలో పీజీలో ఉంటున్న మా ఊరి కుర్రాడు దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఒకటి వర్చువల్‌బాక్స్‌లో (వర్చువల్ మెషీన్లు నడిపే ప్రోగ్రాంలో) నడిపి చూశాడు. కాసేపటికి అసలు కంప్యూటర్‌లోని ప్రాజెక్టు ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. "లోపలే కదా అన్నా తెరిచాను" అంటాడు. సెట్టింగులు చూస్తే కారణం కంటికెదురుగానే ఉంది. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి తన డాక్యుమెంట్స్ మొత్తాన్నీ షేర్డ్ ఫోల్డర్‌గా, అంటే లోపలా బయటా రెండు చోట్లా అందేలా ఇచ్చాడు. ‘రీడ్ ఓన్లీ’ గడి ఖాళీగా ఉంది. అక్కడ టిక్కు పెట్టి ఉంటే లోపలి ప్రోగ్రాం ఆ ఫైళ్లను చదవగలిగేదేమో కానీ మార్చలేకపోయేది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టయింది.

ఈ దారి నేరగాళ్లకు కొత్త కాదు. 2020లో రాగ్నార్ లాకర్ ముఠా తాను చొరబడిన కంప్యూటర్‌లో తానే వర్చువల్‌బాక్స్ పెట్టి, అందులో పాత విండోస్ ఎక్స్‌పీ నడిపింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే 49 కిలోబైట్ల రాన్సమ్‌వేర్‌ను దాచడానికి 122 మెగాబైట్ల ఇన్‌స్టాలర్ మోసుకొచ్చింది! అసలు కంప్యూటర్ డ్రైవులను షేర్డ్ ఫోల్డర్లుగా చూపించి, లోపలి నుంచే ఫైళ్లకు తాళాలు వేసింది. బయటి యాంటీవైరస్‌కు కనిపించింది వర్చువల్‌బాక్స్ ఒక్కటే. అంటే యాంటీవైరస్ దండగ కావడం కాదు, లోపల కూడా కావాలి.

అప్‌డేట్ల మాట మరీ అన్యాయం. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎవరూ ఫైలు తెరవకుండానే నెట్‌వర్క్ మీదుగా పాకింది. దాని విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. బ్రిడ్జ్ పద్ధతిలో, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు నేరుగా కలిపిన వర్చువల్ మెషీన్ కూడా ఆ గదిలో మరో కంప్యూటరే. పైగా వర్చువల్ మెషీన్‌కూ అసలు కంప్యూటర్‌కూ మధ్య ఉన్న గోడకే బీటలుండవచ్చు. 2015లో బయటపడిన ‘వెనమ్’ లోపం వర్చువల్ ఫ్లాపీ డ్రైవుకు సంబంధించిన కోడ్‌లో ఉంది. ఎవరూ వాడని ఫ్లాపీ! ఆ లోపం గుండా లోపలి ప్రోగ్రాం బయటికి రాగల అవకాశం ఏర్పడింది. కాబట్టి వర్చువల్‌బాక్స్‌ను కూడా అప్‌డేట్ చేసుకోవాలి.

ఇంకొకటి. లోపల ఏమీ జరగలేదు కాబట్టి ఫైలు మంచిదేనని బయట తెరిచేవారున్నారు. తాము వర్చువల్ మెషీన్‌లో ఉన్నామని పసిగట్టి కదలకుండా కూర్చునే మాల్వేర్లు (హానికర ప్రోగ్రాంలు) చాలానే ఉన్నాయి.

వర్చువల్ మెషీన్ పనికిరాదని నేను అనడం లేదు. అనుమానపు ఫైలు చూడటానికి అది నిజంగా మంచి సాధనం. నెట్ తీసేసి, షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డు ఆపేసి వాడండి. 2019 నుంచి విండోస్ ప్రోలో ఉన్న శాండ్‌బాక్స్ అనే తాత్కాలిక వర్చువల్ మెషీన్‌ను మూసేయగానే లోపలిదంతా చెరిగిపోతుంది. కానీ అందులోనూ నెట్, క్లిప్‌బోర్డు మొదటినుంచీ తెరిచే ఉంటాయి. వాటిని మీరే ఆపాలి.

ఇక స్నాప్‌షాట్. అది వర్చువల్ మెషీన్‌ను మాత్రమే వెనక్కి తెస్తుంది. లోపల టైపు చేసిన పాస్‌వర్డ్ అప్పటికే వెళ్లిపోయి ఉంటే తిరిగి రాదు. మా కుర్రాడు కూడా వెనక్కి వెళ్లాడు. వర్చువల్ మెషీన్ కడిగిన ముత్యంలా వచ్చింది. ప్రాజెక్టు ఫైళ్లలో మాత్రం స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో ఉన్న కొన్నే మిగిలాయి.