అది స్టాఫ్‌కి సార్

భారతదేశాన్ని ఒక్కటిగా కట్టి ఉంచింది ఏమిటని పోటీ పరీక్షలో అడిగితే పిల్లలు రాజ్యాంగమనో, రైల్వేలనో, క్రికెట్ అనో రాసొస్తారు. ఒక్కదానికీ మార్కులు వేయడానికి వీల్లేదు. సరైన జవాబు పనీర్ బటర్ మసాలా. శ్రీనగర్‌లో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కన్యాకుమారిలో దిగండి. దారి పొడవునా భాష మారుతుంది, లిపి మారుతుంది, గుళ్ళో దేవుడు మారతాడు, ముఖ్యమంత్రులైతే మనం టీ తాగి వచ్చేలోపే మారిపోతారు. ఆ లామినేషన్ చేసిన మెనూ కార్డు మాత్రం మారదు. సూప్స్‌తో మొదలై, స్టార్టర్స్ మీదుగా సాగి, తందూర్‌లో కాలి, చైనీస్‌లో దొర్లి, ఐస్‌క్రీమ్‌లో పడి ప్రాణం విడుస్తుంది. సర్దార్ పటేల్ ఐదొందల పైచిలుకు సంస్థానాలను కలిపి వెళ్ళారు. ఆయన మిగిల్చిన పనిని టమాటా గ్రేవీ పూర్తి చేసింది.

గ్రేవీ మాటెత్తాం కాబట్టి దానికి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. ‘మల్టీ క్యూజిన్ ఫ్యామిలీ రెస్టారెంట్’ అని బోర్డున్న ఏ వంటింట్లోనైనా పొద్దున్నే మూడో నాలుగో పెద్ద గిన్నెలు పొయ్యెక్కుతాయి. టమాటా, జీడిపప్పు మెత్తగా రుబ్బిన ఎర్రది ఒకటి. ఉల్లిపాయ, జీడిపప్పు ఉడకబెట్టి రుబ్బిన తెల్లది ఇంకొకటి. ఉల్లిపాయ మాడకముందే దించేసిన గోధుమరంగుది. పాలకూరతో పచ్చది. సృష్టి మొత్తం వీటిలోంచే పుడుతుంది. ఎర్రదాంట్లో పనీర్ ముక్కలేసి వెన్న కరిగిస్తే బటర్ మసాలా. దానికే క్యాప్సికం తగిలిస్తే కడాయి. కాస్త కారం కుమ్మరిస్తే కొల్హాపురీ. తెల్లదాంట్లో నాలుగు కూరగాయలు, రెండు పైనాపిల్ ముక్కలు పడితే నవరత్న కుర్మా. పచ్చదాంట్లో అవే కూరగాయలు పడితే వెజ్ హైదరాబాదీ.

ఈ వెజ్ హైదరాబాదీ ముందు కాసేపు లేచి నిలబడాలి. మిర్చీ కా సాలన్, బగారా బైంగన్, ఖట్టీ దాల్ ఉన్న నగరం తరఫున పాలకూర గుజ్జును ప్రతినిధిగా ఎవరు ఎన్నుకున్నారో, ఆ పోలింగ్ ఎప్పుడు జరిగిందో హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి కూడా తెలియదు. కొల్హాపూర్ వాళ్ళ బాధ ఇంకా పెద్దది. ఆ ఊరికి పేరు తెచ్చినవి ఎర్ర రస్సా, తెల్ల రస్సా. రెండూ మేక మాంసంతో కాచేవే. వాళ్ళ పేరు మీద మనం బీన్స్, క్యారెట్ తింటున్నాం. ఇక మంచూరియా అనేది 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన సోయా సాస్, కార్న్‌ఫ్లోర్‌తో వండిన కోడి. మన దగ్గరికి వచ్చేసరికి శాకాహారం పుచ్చుకుని గోబీ అయింది. మంచూరియా ప్రజలకు ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

చిన్న న్యాయపరమైన చిక్కు కూడా ఉంది. తిరుపతి లడ్డూకు 2009లో, హైదరాబాద్ హలీమ్‌కు 2010లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసగుల్లా కోసం బెంగాల్, ఒడిశా జుట్టూ జుట్టూ పట్టుకుని 2017లో ఒకరు, 2019లో ఇంకొకరు తలా ఒకటి తెచ్చుకున్నారు. బటర్ చికెన్ తమదంటే తమదని రెండు హోటళ్ళ వాళ్ళు 2024లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు. హైవే పనీర్ నాది అని ఇంతవరకూ ఏ ఊరూ కోర్టుకెళ్ళలేదు. అంత బాధ్యత నెత్తినేసుకోవడానికి ఎవరికైనా భయమే కదా.

మొన్న గుత్తి దాటాక అలాంటి ఒక ఏసీ హాల్లో కూర్చున్నాను. కిటికీ అవతల అటు జొన్న చేను, ఇటు వేరుశనగ చేను. లోపల గోడ మీద మంచు కొండల పోస్టరు. సర్వర్ కుర్రాడు మంచివాడు, నీళ్ళు కూడా అడగకుండానే పెట్టాడు.

“ఇక్కడి వంట ఏదైనా ఉందా బాబూ?”

“అన్నీ ఇక్కడే చేస్తాం సార్.”

“అది కాదయ్యా. ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో తినేది.”

కుర్రాడు నిజాయితీగా ఆలోచించాడు. “వెజ్ కొల్హాపురీ తెమ్మంటారా సార్?”

“అది కొల్హాపూర్‌ది కదా?”

“కాదు సార్. ఫ్రెష్.”

“పోనీ సంగటి?”

సారా అడిగినట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. “సంగటి లేదు సార్. బటర్ నాన్, కుల్చా, తందూరీ రోటీ.”

“జొన్నరొట్టె?”

“రుమాలీ ఉంది సార్.”

“ఉగ్గాని, బజ్జి?”

“అది టిఫిన్ సార్.”

“అయితే పొద్దున దొరుకుతుందన్నమాట.”

“టిఫిన్ దొరుకుతుంది సార్. ఇడ్లీ, పూరీ, చోలే బటూరా.”

“ఓళిగలు?”

“గులాబ్ జామూన్ విత్ ఐస్‌క్రీమ్ సార్.” ఈసారి గొంతులో నమ్మకం వచ్చింది. ఇద్దరం దాదాపు దగ్గరికొచ్చామని అనుకున్నట్టున్నాడు.

ఎవరో కస్టమర్ తేడాగా ఉన్నాడని కౌంటర్ దాకా కబురు వెళ్ళింది. మేనేజర్ వచ్చి ఆప్యాయంగా టేబుల్ మీదికి వంగాడు. అనంతపురం జిల్లా తిండి ఏదైనా పెట్టమన్నాను. ఆయన హాలంతా ఒకసారి కలియజూసి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు. “సార్, మాది ఏసీ సార్.”

ఏసీలో సంగటి తింటే ఏమవుతుందో ఆయన వివరించలేదు. సంగటి గడ్డకడుతుందో, ఏసీకి జలుబు చేస్తుందో! రెండు నాన్‌లు, ఆ ఎర్రటి కూరే చెప్పాను. తిన్నాను కూడా. బావుందా అంటే బావుంది. నాగ్‌పూర్‌లో ఎంత బావుందో అంతే బావుంది.

చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే అక్కడ, వంటింటి తలుపు పక్కన, కూల్‌డ్రింక్ క్రేట్లు బోర్లించుకుని ముగ్గురు కూర్చుని తింటున్నారు. గిన్నెలు తోమే ఆవిడ పళ్ళెంలో రాగిసంగటి ముద్ద, పక్కన ఊరుబిండి పచ్చడి, గోంగూర పుల్లగూర. ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోసుకుంది. ఇంటి నుంచి తెచ్చిన స్టీలు క్యారియర్‌లో ఇంకా రెండు ముద్దలున్నాయి. అందులో ఒకటి ఇంకో కుర్రాడి పళ్ళెంలోకి వెళ్ళింది. మూడో మనిషి తందూర్ మాస్టర్, ఒడిశా నుంచి వచ్చాడట. అప్పటిదాకా నాకు నాన్ కాల్చినవాడు, తను మాత్రం నాన్ ముట్టలేదు. నీళ్ళలో నానిన అన్నం, వేయించిన వడియం, పచ్చిమిరపకాయ. వాళ్ళు పఖాళ అంటారు, ఏటా మార్చి 20న దానికో రోజు కేటాయించి మరీ తింటారు. ఆవిడ ఊరుబిండి కొంచెం అతని పళ్ళెంలో పెట్టింది. అతను వడియం విరిచి ఇచ్చాడు. బోర్డు మీద రాసిన మల్టీ క్యూజిన్ అక్కడుంది, క్రేట్ల మీద.

నేను ఆ క్యారియర్ వంక చూస్తున్నానని పసిగట్టి సర్వర్ కుర్రాడు పరుగున వచ్చాడు. “అది స్టాఫ్‌కి సార్.” క్షమించమన్నట్టు చెప్పాడు. వాళ్ళ తిండి నా కంటపడటం ఏదో తప్పయినట్టు.

ఎవరు నేర్పారయ్యా ఆ సిగ్గు? వాడికి పుట్టుకతో వచ్చిందా? సంగటి మొహం, జొన్నకూడు మొహం అని సీమ పిల్లల్ని పట్నం హాస్టళ్ళలో ఎగతాళి చేసినవాళ్ళు ఎక్కడి నుంచో ఊడిపడలేదు, మనలోంచే వచ్చారు. ఆ ఇళ్ళల్లో వరన్నం పండక్కి వండుకునేవాళ్ళు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. కడుపులు నిండాయి. దాన్ని వెక్కిరించేవాడికి అన్నం పుట్టకూడదు. కానీ బియ్యం వచ్చింది కదా అని రాగిని లేకితనం కింద కట్టేసిందెవరు? పెళ్ళిభోజనంలో పెడితే పరువు పోతుందని తీసేయించిందెవరు? తర్వాత మనకు షుగరొచ్చింది, డాక్టర్ చీటీ మీద రాగి అని రాశాడు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది, ప్రతిపాదించింది మన దేశమే. అప్పుడు గుర్తొచ్చింది సంగటి! ఇప్పుడు అదే ముద్ద నగరంలో ఎద్దుబండి చక్రం వేలాడదీసిన గోడ కింద, తలపాగా చుట్టిన వెయిటర్ చేతిలో, మట్టి మూకుడులో, బిర్యానీ రేటుకి వస్తోంది. మనం ఫోటో తీసి మరీ తింటున్నాం. గుత్తిలో మాత్రం దాన్ని కళ్ళు మూసుకుని వండగలిగిన మనిషి మన ఎంగిలి పళ్ళాలు తోముతోంది. ఆవిడ చేతికి ఒక తెడ్డిచ్చి, తందూర్ మాస్టర్‌తో సమానంగా జీతమిచ్చి, ఆ పొయ్యి దగ్గర నిలబెట్టడానికి ఒక్క యజమానికి బుద్ధి పుట్టదు. పుట్టినా మనం వెళ్ళం. పిల్లలు తినరండీ అంటాం. పిల్లలకు పెట్టి చూస్తే కదా!

లోకల్ తిండి పెడితే వ్యాపారం నడవదని మేనేజర్లు గంభీరంగా తలూపుతారు. గుత్తి నుంచి పడమరగా బళ్ళారి మీదుగా ధార్వాడ్ దాకా పోయి చూసి రమ్మనండి. అక్కడ ఖానావళి అనే భోజన హోటళ్ళలో జొన్నరొట్టె, గుత్తి వంకాయ, వేరుశనగ పొడి సిగ్గూ శరం లేకుండా పెడుతున్నారు, ఆఫీసర్లు కూడా లైన్లో నిలబడి తింటున్నారు. కేరళలో కల్లు షాపుకి కప్పా అనే కర్రపెండలం, చేపల కూర కోసం కార్లేసుకుని పెళ్ళాం పిల్లలతో వెళ్తారు. అంత దూరం ఎందుకు, నిజామాబాద్ జిల్లా అంకాపూర్ ఉంది. మెనూ కార్డు లేదు, తందూర్ లేదు. ఒక్క దేశీ కోడి కూరతో ఊరి పేరు హైదరాబాద్ దాకా పాకింది.

ఇక తోటి ప్రయాణికుల గురించి నాలుగు మాటలు అనకపోతే హోటలువాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. మన కాశీయాత్ర కరపత్రం చదివారా? పుణ్యక్షేత్రాల కన్నా పెద్ద అక్షరాల్లో ‘తెలుగు వంటవారు కలరు’ అని ఉంటుంది. కాశీలో పొద్దున్నే వీధి వీధినా కచోడీ, సబ్జీ కాగుతుంటాయి. చలికాలమైతే మంచుకు పెట్టిన పాల నురగతో చేసే మలయ్యో మట్టి ముంతల్లో పోసిస్తారు. మనవాళ్ళు గంగలో మూడు మునకలేసి, ముక్కు మూసుకుని ఆ వీధులన్నీ దాటి, గదికొచ్చి ఇడ్లీ తింటారు. సాయంత్రం పప్పుచారులో ఉప్పు తక్కువైందని వంటవాడితో గొడవ. అయోధ్య, ప్రయాగ కూడా చూసి ఇంటికొచ్చి, నార్త్‌లో తిండి అస్సలు బాగోదండీ అని తీర్పిచ్చేస్తారు. వీళ్ళకు పనీర్ బటర్ మసాలా వడ్డించడమే ఎక్కువ. అటువాళ్ళు తక్కువ తిన్నారా, మసాలా దోశ, బెల్లం వేసిన సాంబారు తినేసి దక్షిణాది మొత్తం రుచి చూశామంటారు. శ్రీకాకుళం, కన్నూరు, తంజావూరు అన్నీ కలిపి ఒక్క అట్టులో చుట్టేశారు.

బిల్లు కట్టేటప్పుడు మేనేజర్ చేతిలో సోంపు పోసి, నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. “మీరేం ఫీలవకండి సార్. సంగటి అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మేం కూడా వచ్చే నెల నుంచి పెడుతున్నాం.”

నిజమా అన్నాను. చిల్లర వెనక్కి తీసుకోవడం కూడా మర్చిపోయాను.

“నిజం సార్. మాస్టర్‌తో ట్రయల్ కూడా వేయించాం. సంగటి మంచూరియా. డ్రై ఉంటుంది, గ్రేవీ ఉంటుంది.”