పనికిరానితనమే కాపాడిన చెట్లకు ఇప్పుడు ధర పలుకుతోంది

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, బ్లాక్ రివర్ ఒడ్డునున్న చిత్తడి అడవిలో ఒక బాల్డ్ సైప్రస్ చెట్టుకు కనీసం 2,624 ఏళ్ల వయసుందని 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించినప్పుడు వార్తలన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దానికే మొలిచిన చెట్టు ఇవాళ్టికీ చిగురిస్తోందంటే ఆశ్చర్యం సహజమే. అయితే ఇన్ని శతాబ్దాలు దాన్ని కాపాడినదేమిటన్న ప్రశ్నను పెద్దగా ఎవరూ అడగలేదు. నేచర్ కన్జర్వెన్సీ సంస్థ అక్కడి భూములు కొని సంరక్షించడం ఇటీవలి దశాబ్దాల మాట. అంతకుముందు ఆ చెట్టును నిలబెట్టింది అది కలపకు పనికిరాకపోవడమే.

నీటిలో నానినా త్వరగా కుళ్లని సైప్రస్ కలపను ఇళ్ల పైకప్పులకూ పడవలకూ నీటి తొట్లకూ వాడేవారు. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఆగ్నేయ అమెరికా చిత్తడి అడవులు ఆ గిరాకీకే నేలకూలాయి. నిటారుగా, గట్టిగా ఉన్న మానులు రంపపు మిల్లులకు పోగా, తుపాన్లకు తల విరిగి, లోపల తొర్ర పడి, మెలితిరిగిన చెట్లను కూలీ ఖర్చు కూడా రాదని వదిలేశారు. శీతాకాలంలో ఆకు రాల్చి బోడిగా నిలిచే ఆ చెట్లను చూస్తే వయసు తెలియదు. ఆర్కాన్సా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్టాల్ బృందం 1985 నుంచి సన్నగా తొలిచే పరికరంతో చెట్టుకు హాని లేకుండా పుల్ల వంటి నమూనా తీసి, వార్షిక వలయాలను చెట్టుకు చెట్టుకు సరిపోల్చి లెక్కించాకే అవి తూర్పు అమెరికాలో వయసు తెలిసిన సజీవ వృక్షాలన్నిటిలోకీ పురాతనమని తేలింది. 2019 నాటికి వారు వయసు తేల్చింది కేవలం 110 చెట్లకు. ఆ నదీతీరంలో ఉన్నవి పదివేలల్లో. వాటిలో రెండు వేల ఏళ్లు దాటినవి ఇంకా ఉండవచ్చని వారే రాశారు.

ఆ వలయాల విలువ వయసుతో ఆగిపోదు. వాన బాగా పడిన ఏడాది వలయం వెడల్పుగా, కరవు ఏడాది సన్నగా ఏర్పడుతుంది. బ్లాక్ రివర్ చెట్ల ఆధారంగానే 372 నుంచి 1985 దాకా, 1,614 ఏళ్ల వాన-కరవుల చరిత్రను 1988లో పునర్నిర్మించారు. వర్జీనియా సరిహద్దు ప్రాంతంలోని ఇదే జాతి చెట్లు మరో సంగతి చెప్పాయి. నార్త్ కరోలినా తీరంలోని రోనోక్ దీవిలో ఆంగ్లేయుల వలసకేంద్రం ఆనవాలు లేకుండా పోయిన 1587-89 కాలంలోనే, ఎనిమిది వందల ఏళ్లలో ఎన్నడూ లేనంత తీవ్రమైన కరవు ఆ ప్రాంతాన్ని పీడించింది. ఏ మనిషీ రాసిపెట్టని దస్తావేజు ఇది, దీనికి రెండో ప్రతి లేదు.

ఇప్పుడు ఆ దస్తావేజుకు తూకంలో ధర పలుకుతోంది. ఆగ్నేయ అమెరికాలో విస్తరించిన కలప గుళికల పరిశ్రమ, మిల్లులు తిరస్కరించే వంకర మానులనూ నాసిరకం కలపనూ కొంటుంది. వాటిని పొడి చేసి, గుళికలుగా అదిమి, ఓడల్లో బ్రిటన్‌కూ ఐరోపాకూ పంపుతారు. అక్కడ విద్యుత్ కేంద్రాల్లో కాల్చినప్పుడు పొగగొట్టం నుంచి వెలువడే కార్బన్‌ను సున్నాగా లెక్కిస్తారు. చెట్టు నరికిన చోట ఆ నష్టం లెక్కకు వస్తుందనీ, మళ్లీ మొలిచే చెట్టు దాన్ని పీల్చుకుంటుందనీ దీని వెనక వాదం. నిమిషాల్లో కాలిపోయేదాన్ని శతాబ్దాల్లో పెరిగేదానితో సమం చేసే ఈ పద్దు పర్యావరణ విధానంలో నాకు కనిపించే అతిపెద్ద తప్పు. పైగా బాల్డ్ సైప్రస్ విత్తనం నిలిచిన నీటిలో మొలకెత్తదు, నీరు తీసిన తడినేల దొరకాలి. ఏడాది పొడవునా నీరు నిలిచే చోట నరికితే తిరిగి అడవి వస్తుందన్న భరోసా లేదు.

భూయజమానులకు తమ వాదన ఉంది. ఆ కలప వారికి వృద్ధాప్యపు ఆదాయం. కలపకు మార్కెట్ ఉంటేనే అడవి అడవిగా మిగులుతుందనీ, లేకుంటే ప్లాట్లవుతుందనీ అంటారు. ముప్పై ఏళ్లకు కోతకొచ్చే పైన్ తోటల విషయంలో ఈ మాట నిజం. నీట మునిగిన నదీతీరపు అడవికి ఇది వర్తించదు, ఎందుకంటే అక్కడ ఇళ్లు కట్టేవారు లేరు.

చట్టం వైపు చూస్తే ఊరట లేదు. అమెరికా కేంద్ర ప్రభుత్వ స్వచ్ఛ జల చట్టం (క్లీన్ వాటర్ యాక్ట్) సాధారణ అటవీ పనులకు అనుమతి నుంచి మినహాయింపునిస్తుంది. నదులతో ఉపరితలంలో నిరంతరాయంగా కలవని చిత్తడి నేలలు ఆ చట్టం పరిధిలోకి రావని 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి నెలలోనే నార్త్ కరోలినా శాసనసభ, అప్పటి గవర్నర్ రాయ్ కూపర్ వీటోను తోసిపుచ్చి, అలాంటి నేలలకు రాష్ట్రం ఇస్తున్న రక్షణనూ తీసేసింది. వరద నీటిని పీల్చుకుని, వడగట్టి నదికి వదిలేవి ఆ ఎగువ నేలలే. బ్లాక్ రివర్ ప్రవహించే శాంప్సన్ కౌంటీ దేశంలోనే పందుల పెంపకం అత్యధికంగా సాగే కౌంటీల్లో ఒకటి. ఎగువ వడపోత పోతే ఆ పందుల వ్యర్థాల భారం చేరేది ఈ చెట్ల వేళ్లకే.

ర్యాలీ, కేరీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు విల్మింగ్టన్ సముద్రతీరానికి వెళ్లే ఐ-40 రహదారి ఈ శాంప్సన్ కౌంటీ మీదుగానే సాగుతుంది. అక్కడ ఓటు హక్కున్నవారు తమ శాసనసభ్యుల్ని రెండు విషయాలు అడగాలని నా విన్నపం. నీట మునిగిన నదీతీరపు అడవుల కలపను గుళికల కర్మాగారాలకు అమ్మకుండా నిషేధించాలి. 2023లో తీసేసిన రక్షణను తిరిగి తేవాలి. ఈ ప్రాచీన చెట్లు సముద్రమట్టానికి సుమారు రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. బ్లాక్ రివర్ కలిసే కేప్ ఫియర్ నదిలో, విల్మింగ్టన్ దగ్గర, ఉప్పునీరు ఎగదన్నిన చోట్ల సైప్రస్‌లు ఇప్పటికే నిలువునా ఎండి కనిపిస్తున్నాయి.