ఒంపు మీద టేకు గౌరవం

కలిగినవారి ఇంటికి టేకు వాసాలు, లేనివారి ఇంటికి తాటి దూలాలు అనే పాత విభజనను చెరిపేసి, మన సమాజంలో సమానత్వం తెచ్చిన ఘనత వెనీరుదే. సుమారు అర మిల్లీమీటరు మందాన తీసిన టేకు పొరను చవక చెక్క మీద అతికిస్తే, చూసేవారి కంటికి అది నిలువెల్లా టేకే. ఇది నేటి బుకాయింపు అని ఎవరైనా అంటే, 1922లో బయటపడిన ప్రాచీన ఈజిప్టు ఫారో, అంటే రాజు, టూటన్‌ఖామున్ సమాధిని చూడమనండి. అందులోని సామానుకూ ఖరీదైన చెక్క పొరలు అతికించారు. ఫారోకు లేని సంకోచం, విజయవాడ పటమటలో రెండు పడకగదుల ఫ్లాటు కొన్న నాకెందుకు?

వచ్చిన చిక్కల్లా ఒంపులతోనే. మా శ్రీమతి దేవుడి మందిరానికి ఆర్చి, ఆ ఆర్చి అంచున గుండ్రటి బీడింగు, అంటే అలంకారపు చెక్క పట్టీ, నడినెత్తిన కలశం కోరింది. లోపలంతా ఎం.డి.ఎఫ్., అంటే రంపపు పొట్టుకు దగ్గరి చుట్టం. పుల్లలు నిటారుగా ఉండేటట్టు చాపను చుట్టడం తేలిక. ఆ పుల్లలనే వంచబోతే విరుగుతాయి. టేకు పొర స్వభావమూ అంతే. బీడింగు గుండ్రతనానికి నార, అంటే చెక్కలోని చారల వరుస, పొడవునా ఉంటే మేలు, ఆర్చి ఒంపుకు అడ్డంగా ఉంటే మేలు. అత్తాకోడళ్లిద్దరి మాటా ఒకేసారి వినవలసివచ్చిన మగవాడి అవస్థ ఆ పొరది.

ఇక కలశం సంగతి. బంతి వంటి ఆకారానికి చదునైన పొరను సాగకుండా, ముడత పడకుండా తొడగడం అసాధ్యమని జర్మన్ గణితవేత్త గౌస్ 1827లోనే తేల్చాడు. మా మేస్త్రి గారికి ఆ కబురు ఇంకా అందలేదు. "తడిపితే వంగందేముందండీ, వంగుద్ది" అని ఆయన నీళ్లు చిలకరించి, పొరకూ బీడింగుకూ తెల్ల జిగురు పూసి, రెండూ ఆరాక ఇస్త్రీ పెట్టెతో అదిమాడు. తడిసిన టేకు, కాగిన జిగురు కలిసిన ఆ వాసనకు పక్క ఫ్లాటువారు వచ్చి తలుపు తట్టారు. కలశం మీద మాత్రం పొర వంగలేదు. చివరకు పొరను తామర రేకుల్లా ఎనిమిది ముక్కలు కోసి అతికించి, సందుల్లో రంపపు పొట్టు కలిపిన జిగురు కూరి, గౌస్‌తో రాజీ కుదుర్చుకున్నాడు. కొండపల్లి కళాకారులు కూడా తెల్లపొణికి చెక్క బొమ్మల అతుకులకు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కు పట్టిస్తారు గానీ, దాని మీద రంగులు వేసే అదృష్టం వారిది. టేకు చారలు కనబడి తీరాలి గనుక పైన పారదర్శకమైన పాలిష్ తప్ప మరేమీ పూయకూడని దురదృష్టం మాది.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అర మిల్లీమీటరు పొర నిలిచి ఉంటుందని నమ్మడం నా తప్పే. ఆరిన చెక్క నారకు అడ్డంగా కుదించుకుపోతుంది. ఒక మధ్యాహ్నం ఆర్చి ఎడమ భుజాన బొబ్బ లేచింది. వేలితో నొక్కితే అప్పడంలా చిటపటమంది. బ్లేడుతో నార వెంట సన్నగా గీసి, సూదితో లోపలికి జిగురు ఎక్కించి, మళ్లీ ఇస్త్రీ చేశాను. రోగి కోలుకున్నాడు, వారం తిరగకుండా కుడి భుజం వాచింది.

ఈ దశలోనే గుంటూరు నుంచి మా బావగారు వచ్చారు. ఏ ఇంటికి వెళ్లినా చెక్క కనబడితే వేలి కణుపులతో కొట్టి చూడడం ఆయన వ్యసనం. పరాయి ఇంటి చెక్కను కణుపులతో పరీక్షించడాన్ని ప్రభుత్వం శిక్షార్హమైన నేరంగా ప్రకటించాలని నేను చాలాకాలంగా కోరుతున్నాను. తలుపు తట్టడానికి మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ఆయన చెప్పులు విడిచేలోగా మా శ్రీమతి రెండు భుజాలూ కప్పేటట్టు మామిడాకుల తోరణం కట్టేసింది. ఆయన చెయ్యెత్తారు, ఆకులు చూసి దించారు, దణ్ణం పెట్టారు.

"ఏమోయ్, పండగ కాకపోయినా తోరణమా? రోజూ కడతారా?" అన్నారు.

"రోజూనండీ" అన్నాను.

ఆయన వారం రోజులుంటారట. మామిడాకుల కట్ట కోసం నేను తెల్లవారుజామునే మార్కెట్టుకు వెళుతున్నాను.