పూచీ లేనిదే పోర్షన్ లేదు

కర్నూలులో మా పై పోర్షన్ నాలుగు నెలలుగా ఖాళీ. మనుషులు రాక కాదు, నా కొలతకు తూగక.

బాడుగ 9,000. అడ్వాన్సు, పదకొండు నెలల అగ్రిమెంటు ఊళ్లో అందరూ అడిగేవే. నేను సిబిల్ స్కోరు అడుగుతాను, అంటే అప్పులు తీర్చిన తీరుకు వేసే మార్కులు. నా అంతట నేను ఇంకొకరి రిపోర్టు తీసే వైభోగం నాకు లేదు, అందుకని వచ్చినవాళ్లనే తెచ్చుకోమంటాను. ఏడాదికోసారి ఉచితంగానే ఇస్తారు. 300 నుంచి 900 దాకా కొలత. 750 దాటితే కుర్చీ, కాఫీ. తగ్గితే స్టూలు. 650 కిందికి దిగితే మెట్ల దగ్గరే మాట.

మొదట వచ్చినాయన స్కూలు మాస్టారు. జన్మలో అప్పు చేయలేదు, క్రెడిట్ కార్డు ముట్టలేదు. రిపోర్టులో మైనస్ ఒకటి! అప్పుల చరిత్రే లేదని దానర్థం. మా నాయన బతికుంటే ఇలాంటి మనిషికి కాళ్లు కడిగి పిల్లనిచ్చేవాడు. నేను మాత్రం ఎక్కడైనా అప్పు చేసి, తీర్చి, అప్పుడు రమ్మన్నాను.

తర్వాత ఒక మెడికల్ రెప్. 640. బండి లోను రెండు కంతులు తప్పాడట. "బాడుగ మాత్రం ఏనాడూ ఎగ్గొట్టలేదు సార్" అన్నాడు. పాపం, అమాయకుడు. అతని బాడుగల సంగతి ఆ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. అయినా నాకు బాడుగ ఇస్తాడో లేదో దాన్ని చూసే నేను తేల్చాలి.

జామీను తెమ్మంటే డోన్ నుంచి మేనమామను తెచ్చాడు. పెద్దాయన పెన్ను మూత తీసేలోగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చదివి వినిపించాను: అసలు మనిషి ఎంత కట్టాలో పూచీ పడినవాడూ అంత కట్టాలి. ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "అంతా నేనే కట్టేటట్లుంటే ఇంట్లోనూ నేనే ఉంటా గదప్పా, వాడెందుకు?"

నన్ను చాదస్తుడంటున్నారు. ఈ జాగ్రత్త నాకు ఊరు నేర్పింది. 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు, రాజధానో హైకోర్టో సీమ కోరుకున్నదే ఇస్తామని. పెద్దమనుషులంతా ఒప్పుకున్నారు గానీ జామీను మాట ఎవరికీ తోచలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర ప్రభుత్వమే మా ఊళ్లో దిగింది. గదులు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపింది. 37 నెలలకు, 1956 నవంబరులో, సామాను సర్దుకుని హైదరాబాదు పోయింది. ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పేర్లు మిగిలాయి, ఖాళీ చేసినవాళ్లు గోడకు వదిలిపోయిన మేకుల్లాగా. 2020లో న్యాయ రాజధాని అని టోకెన్ ఇచ్చి, మరుసటి ఏడు నవంబరులో అదీ వెనక్కి పట్టుకుపోయారు.

2009 వరదలో తుంగభద్ర, హంద్రీ కలిసి మా కింది పోర్షన్‌లో దిగాయి. వాటికీ జామీను లేదు.

36,000 పోగొట్టుకున్నారు, ఏ దొంగ మాత్రం ఇంత ఎగ్గొడతాడు అంటుంది మా ఆవిడ. సూత్రం ముందు సొమ్మెంత!

ఇప్పుడు హైకోర్టు బెంచీ వస్తుందంటున్నారు. రానీండి. పై పోర్షన్ ఖాళీగానే ఉంది. పాన్ కార్డు జిరాక్సు, ఇద్దరు జామీనుదారులతో సాయంత్రం ఆరు లోపల రమ్మనండి.