ముందు నీళ్లు, తర్వాతే చమురు

నైజీరియాలోని ఒగోనీ ప్రాంతంలో చమురు బావులను మళ్లీ తెరిపించేందుకు అక్కడి ప్రభుత్వం 2025 నుంచి ప్రయత్నాలు ముమ్మరం చేసింది. చమురు కాలుష్యంపై రేగిన ప్రజాగ్రహానికి తలొగ్గి విదేశీ చమురు సంస్థ షెల్ 1993లో అక్కడ ఉత్పత్తి ఆపేసింది. ఆ ఉద్యమానికి గొంతుకైన రచయిత కెన్ సారో వీవాను, మరో ఎనిమిది మందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరితీసింది. ఆ తొమ్మిది మందికీ 2025 జూన్‌లో అధ్యక్షుడు టినుబు క్షమాభిక్ష ప్రకటించారు. నేరమే చేయనివారికి క్షమాభిక్ష ఎందుకు? వారు నిర్దోషులని చట్టబద్ధంగా ప్రకటించాలి.

అక్కడి నీళ్ల సంగతి మరీ ఘోరం. ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఓగలే ప్రాంతంలో జనం తాగుతున్న బావి నీటిలో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించిన పరిమితికి 900 రెట్లకు మించి ఉంది. బెంజీన్ క్యాన్సర్ కారకం. అక్కడి భూగర్భ జలం మీద 8 సెంటీమీటర్ల మందాన చమురు పొర తేలుతున్నట్లు కూడా అప్పుడే బయటపడింది. ఆ పక్కనున్న చమురు గొట్టం నైజీరియా ప్రభుత్వ సంస్థదే! కాబట్టి తప్పంతా విదేశీ కంపెనీలదేనని పాలకులు చేతులు దులుపుకోలేరు. ఒగోనీ పూర్తిగా కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని ఆ నివేదికే హెచ్చరించింది.

చట్టమూ బాధితుల పక్షాన లేదు. 2021 నాటి పెట్రోలియం చట్టం కంపెనీల వార్షిక నిర్వహణ వ్యయంలో 3 శాతం స్థానిక గ్రామాలకు కేటాయించింది. ఎవరైనా గొట్టాలు పగలగొడితే మరమ్మతు ఖర్చు మేరకు ఆ గ్రామాల వాటాలోనే కోత పడుతుంది. సాయుధ ముఠాలు చేసే చమురు దొంగతనానికి చేపలు పట్టుకునేవారిని బాధ్యులను చేయడం ఏం న్యాయం? 2008లో చమురు ముంచెత్తిన బోడో గ్రామస్థులు లండన్ కోర్టు దాకా వెళ్తేగానీ, 2015లో షెల్ 5.5 కోట్ల పౌండ్ల పరిహారానికి దిగిరాలేదు. ఆ షెల్ 2025లో ఒగోనీ ఉన్న నైజర్ డెల్టాలోని తన భూతల చమురు వ్యాపారాన్ని అమ్మేసి తప్పుకుంది.

పాశర్లపూడి మంటలను, నగరం గ్రామంలో గ్యాస్ పేలుడును చూసిన కోనసీమకు ఒగోనీ భయం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్తగా చమురు తీసే ముందు ఇంటింటికీ సురక్షిత నీరు అందాలి. పాత కాలుష్యాన్ని శుభ్రం చేసే ఖర్చును షెల్, ప్రభుత్వ చమురు సంస్థ పూర్తిగా భరించాలి. ఊళ్లు వద్దంటే బావులు మూసే ఉంచాలి.