వర్చువల్ యాంప్ గారి సముఖానికి

లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ రూపాన కొలువున్న మహారాజశ్రీ బేస్ గిటార్ యాంప్ గారికి,

తిరుపతి కొర్లగుంటలో అద్దె మిద్దె గది నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం కాదు.

నిన్న ఆదివారం. పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించే మా బావ చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినాడు. ఒక్క పాటకి బేస్ కొట్టేసి, మా ఇంట్లో భోంచేసి పోదామని ఆయన లెక్క. తమరు పడనిచ్చారా?

తమరి వంశానికి వంక పెట్టను. 1969 నాటి ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ యాంపుకి నకలు: 300 వాట్లు, కింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది. అసలుదైతే మా ఇంటి మెట్లెక్కదు. బొమ్మలో వాల్వులు కూడా ఎర్రగా వెలుగుతాయి. నాబ్ తిప్పాలంటే మౌస్ పట్టి పైకి లాగాలి, సరే. ముందే అమర్చిన సెట్టింగులు (ప్రీసెట్లు) గంపెడు, పనికొచ్చేవి రెండు, అదీ సరే.

ఆ ఆలస్యం మాత్రం నా వల్ల కాదు సామీ. బావ తీగ మీటుతాడు, హెడ్‌ఫోన్‌లో శబ్దం తీరిగ్గా వస్తుంది. "ఎవురో ఎనకాల నిలబడి నన్ను ఎక్కిరిస్తా ఉన్నట్టుండాది బామ్మర్దీ" అన్నాడు. లాప్‌టాప్ శబ్దాన్ని చిన్న ముక్కలు (శాంపిళ్లు) చేసి విడతకి కొన్ని పోగేసుకుంటుంది, ఆ పోగే బఫర్. మాది 1024 శాంపిళ్లు. సెకనుకు 44,100 చొప్పున 23 మిల్లీసెకన్లు. లోపలికోసారి, బయటికోసారి, వెరసి 46. అంతసేపట్లో శబ్దం గాల్లో 15 మీటర్లు దాటిపోతుంది. అంటే బావ మా గదిలో వాయిస్తుంటే యాంపు సందు మొనలో టీకొట్టు దగ్గర మోగుతున్నట్టు! 64కి దించాం. ఆలస్యం పోయింది, లాప్‌టాప్‌కి ఊపిరాడక తాలింపులో ఆవాల చిటపట మొదలైంది. లాప్‌టాప్ ఫ్యాన్ గ్రైండరైంది. 128కి పెడితే అదే చిటపట. 256కి పెడితే కొంచెం చిటపట, కొంచెం ఆలస్యం. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాం. మా అమ్మ తొంగిచూసి "ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టలేదు కదరా" అనింది.

కొండమీద కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చున్న ఊరివాళ్లం, ఆలస్యం మాకు కొత్త కాదు. అక్కడ చివర్లో దర్శనమైనా అవుతుంది.

సాయంత్రం నాలుగున్నరకి బావ "ఆ యాంపు ఎత్తి పారెయ్, ఉత్త తీగ వినపడితే చాలు" అన్నాడు. గిటార్‌ని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె (ఇంటర్‌ఫేస్) మీద డైరెక్ట్ మానిటర్ నొక్కాను, అంటే శబ్దం లాప్‌టాప్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. ఖాళీ తపేలా మీద గరిటె కొట్టినట్టు పొడి శబ్దం, కానీ మీటగానే చెవిలో. రెండో టేక్‌కి పాట అయిపోయింది. పదే పది నిమిషాలు! నువ్వు లేకుండా పది నిమిషాల్లో అయ్యే పనికి మా ఆదివారమంతా మింగావు కదరా దొంగ సచ్చినోడా!

రాత్రి పదకొండుకి, బావ వెళ్లిపోయాక, ఆ ట్రాక్ మీద నిన్ను ఎక్కించి విన్నా. బఫర్ 1024లోనే, ఇప్పుడు తొందరేముంది? చెప్పకూడదు గానీ, హెడ్‌ఫోన్లు అదిరాయి. కింద ఓనరు నిద్ర చెడలేదు. అసలు యాంపైతే ఈపాటికి ఇల్లు ఖాళీ చెయ్యమనేవాడు. అందుకే నిన్ను తీసెయ్యలేదు. మిడిసిపడకు. ట్రాక్‌లో ఉన్నవి బావ వేళ్లు, నువ్వు కాదు. నచ్చకపోతే రేపే నీ చోట ఇంకొకణ్ణి కూర్చోబెడతా.

వచ్చే ఆదివారం బావ మళ్లీ వస్తున్నాడు. నువ్వు పాట అయ్యాక రా.

ఇట్లు,
128కీ 256కీ మధ్య నలిగినవాడు